ముప్ఫై స్టాంపుల బ్లాక్: విడగొట్టి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా (ప్రాజెక్టు డైరీ)

మొదటి శనివారం

పెదనాన్న పోయి ఏడాది తిరిగింది. ఆయన స్టాంపుల సంగతి తేల్చమని పెద్దమ్మ నాకు అప్పజెప్పింది. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని కవర్ల మీది స్టాంపులు నీళ్లలో నానబెట్టింది నేనే కాబట్టి. అంతకు మించి నాకున్న అర్హతేం లేదు.

మొత్తం సరుకు పదకొండు ఆల్బమ్‌లు, నాలుగు స్టాక్ బుక్కులు (స్టాంపుల్ని అంటించకుండా వరుసల్లో దోపుకునే పుస్తకాలు), ఒక రేకు డబ్బా, కాగితంతో సహా కత్తిరించిన వాడేసిన స్టాంపులతో రెండు అట్టపెట్టెలు. "ఎంతొస్తుందిరా?" అంది పెద్దమ్మ. "ముందు ఏముందో చూడనీ పెద్దమ్మా" అన్నాను. "నీ ఇష్టం. ఎవడో వచ్చి అంతా కలిపి మూట కట్టుకుపోతానంటే మాత్రం ఇవ్వకు" అంది.

ఈ రోజంతా ఫొటోలు తియ్యడంతోనే సరిపోయింది. ప్రతి పేజీకీ ఒకటి, స్టాక్ బుక్కులకైతే వరుస వరుసకీ ఒకటి. ఎవరికైనా చూపించేలోపే ఇది అయిపోవాలి. చూపించాక ఏ పేజీలో ఏముండేదో మనం మర్చిపోతాం, చూసినవాడు మర్చిపోడు.

ఆదివారం

కుప్పలు పోశాను. ఎక్కువ సేపు పట్టలేదు.

పెద్ద కుప్ప వాడని కొత్త షీట్లు, గత యాభై అరవై ఏళ్లవి. ఇవే పెట్టుబడి అని పెదనాన్న నమ్మేవారు. ఆ కాలంలో ఆయనలాగే లక్షలమంది నమ్మి దాచారు, అచ్చయినవేమో కోట్లు. అందరూ దాచుకున్నదానికి గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది? తపాలాకి ఇంకా చెల్లే చోట కూడా ఇలాంటివి స్టాంపు మీద ఉన్న ధర కంటే తక్కువకే చేతులు మారుతుంటాయి. రెండో కుప్ప, ముద్ర పడి వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉన్నవి. ఉత్తరం మీద ఎక్కకుండానే, సేకరించేవాళ్ల కోసం షీట్లకి షీట్లు ముద్ర కొట్టి అమ్మినవి. నాలుగు స్టాంపులు కలిసే మూలన ఒకే ముద్ర, ఒక్కో స్టాంపుకి పావు వంతు, అదీ గీసినట్టు శుభ్రంగా పడి ఉంటే అనుమానించాల్సిందే. వీటి విలువ నామమాత్రం. అట్టపెట్టెల్లోవి తూకానికి పోతాయి.

కవర్లు విడిగా పెట్టాను. పాత కవరు మీది స్టాంపుని ఇప్పుడు నానబెట్టి తీస్తే నేరం చేసినట్టే. ముద్ర, దారి, తేదీ అన్నీ కలిసే దాని విలువ. చిన్నప్పుడు నేను నానబెట్టినవి ఎన్నో తలుచుకోదలుచుకోలేదు.

రేకు డబ్బా రేపు.

సోమవారం రాత్రి

రేకు డబ్బాలో, రెండు గ్లాసీన్ కాగితాల (నున్నగా, పలచగా ఉండే కాగితం) మధ్య, విక్టోరియా రాణి బొమ్మతో ఎర్ర స్టాంపులు. విడివి కావు, అతికే ఉన్నాయి. బ్లాక్ అంటారు ఇలాంటిదాన్ని. అడ్డంగా ఆరు, నిలువుగా ఐదు. ముద్ర లేదు. తిప్పి చూస్తే జిగురు ఉంది, కాస్త గోధుమరంగుకి తిరిగి, సన్నగా బీటలు వారి.

బ్రిటన్ పెన్నీ రెడ్. దీనికి ముందటి నల్ల పెన్నీ స్టాంపు 1840 మేలో వచ్చింది. దాని మీద ఎర్ర ముద్ర సరిగా కనపడక, పైగా తుడిస్తే పోయేట్టుండి, మరుసటేడే స్టాంపుని ఎరుపు చేసి ముద్రని నల్లగా మార్చారు. నా చేతిలోవి 1864 తర్వాతి రకం. ఎలా తెలిసిందంటే నాలుగు మూలలా అక్షరాలున్నాయి. ఒక్క షీటుకి 240 స్టాంపులు, 20 వరుసలు, వరుసకి 12. కింది ఎడమ అక్షరం వరుస పేరు, కింది కుడి అక్షరం ఆ వరుసలో స్థానం. పై మూలల్లో అవే తారుమారుగా. అంటే ప్రతి స్టాంపు మీదా దాని ఇంటి నంబరు రాసే ఉంటుంది. వాడేసిన రెండు స్టాంపుల్లోంచి ముద్ర పడని సగాలు కత్తిరించి, అతికించి మళ్లీ వాడేవాళ్లని పట్టుకోడానికి చేసిన ఏర్పాటు ఇది. సగాలు వేరైతే అక్షరాలు పొసగవు.

నా బ్లాకులో వరుసలు ఎమ్ నుంచి క్యూ వరకు, స్థానాలు సీ నుంచి హెచ్ వరకు.

ఈ రకంలో ఇంకో తమాషా ఉంది. బొమ్మకి రెండు పక్కలా ఉన్న అల్లికలో, సరిగ్గా మధ్యన, ప్లేటు నంబరు, అంటే షీటుని అచ్చేసిన పలక నంబరు, చెక్కి ఉంటుంది. చీమ తలకాయంత. భూతద్దం పెట్టి మొదటి స్టాంపు ఎడమ పక్క చూశాను. 77.

ఒక నిమిషం కుర్చీలోంచి లేవలేదు. 77వ ప్లేటు సరిగా రాలేదని పక్కన పడేశారు. ఎలాగో బయటపడ్డ స్టాంపులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ముప్ఫై ఒకే చోటా? వీల్లేదు. కుడి పక్క చూశాను. 177. మళ్లీ ఎడమకి వచ్చి దీపం వంచి చూస్తే, ముందున్న ఒకటి మీద సిరా ముద్దకట్టి అల్లికలో కలిసిపోయింది. పక్క స్టాంపు మీద రెండు వైపులా 177 స్పష్టంగానే ఉంది. ఒక ప్లేటులోని స్టాంపులన్నిటి మీదా ఒకే నంబరుంటుంది కాబట్టి ఇక వాదనే లేదు. 177లో ఒకటిని గీకేసి 77గా అమ్మజూసే పాత మోసం ఒకటుంది. నన్ను మోసం చెయ్యడానికి మనిషి కూడా అక్కర్లేకపోయింది, సిరా చాలింది.

పెద్దమ్మకి ఫోన్ చెయ్యనందుకు సంతోషం.

గురువారం

మాస్టారుకి ఫొటోలు పంపాను. పెదనాన్నతో పాటు స్టాంపులు మార్చుకున్న మనిషి. సాయంత్రం ఫోన్ చేశారు.

"ఇది వాడి దగ్గరుందని నాక్కూడా చెప్పలేదయ్యా" అన్నారు ముందుగా. తర్వాత, "177 మామూలు ప్లేటే. విడి స్టాంపులు, అందులో వాడినవి, కావలసినన్ని దొరుకుతాయి. వాడనివి ముప్ఫై అతికి ఉండటం మాత్రం మామూలు కాదు. ఆ రోజుల్లో స్టాంపు కొన్నవాడు చింపి ఉత్తరం మీద అంటించేవాడు, ఇలా దాచలేదు."

"అయితే ధర ఎంత కట్టాలి మాస్టారూ?"

"క్యాటలాగ్‌లో ఒక్కో స్టాంపుకి ఉన్నదాన్ని ముప్ఫైతో గుణించావా?"

గుణించాను. ఒప్పుకున్నాను.

"అది కొట్టెయ్."

ఆయన చెప్పింది నా మాటల్లో. క్యాటలాగ్‌లో ఉండేది కొట్లో కొనేవాడు ఇచ్చే ధర, అదీ మచ్చలేని స్టాంపుకి. పెద్ద క్యాటలాగులు చాలావరకు వ్యాపారులు మొదలుపెట్టినవే. స్టాన్లీ గిబ్బన్స్ అనే బ్రిటన్ స్టాంపుల వ్యాపారి తన ధరల పట్టీ మొదటిసారి వేసింది 1865లో. అంగట్లో సరుకు పెట్టుకుని కూర్చునే ఖర్చంతా ఆ అంకెలోనే ఉంటుంది. బాగా చవక స్టాంపులకైతే ఆ కనీస ధరలో ఎక్కువ భాగం వెతికి తీసి కవర్లో పెట్టిచ్చే కూలే. అమ్మేవాడికి క్యాటలాగ్ ఒక కొలబద్ద. ఇది దీనికంటే ఎన్ని రెట్లని చెబుతుంది, అంతే.

కాబట్టి ఈ డైరీలో డబ్బు లెక్క రాయను. మంచి వాడని స్టాంపు ఒకదాని క్యాటలాగ్ ధరని 1 అనుకుంటాను. బ్లాక్ కాగితం మీద 30. అసలెంతో చూద్దాం.

శనివారం

ఒక్కొక్క స్టాంపునీ పరీక్షించే పని. నాలుగు గంటలు, రెండు దీపాలు, భూతద్దం, మొన దగ్గర చదునుగా ఉండే స్టాంపు ట్వీజర్లు. గుడ్డ పరిచిన బల్ల. ఫ్యాను బందు.

ముందు చిల్లులు, అంటే స్టాంపులు చింపడానికి వీలుగా మధ్యలో కొట్టే బెజ్జాలు. కొలబద్ద మీద 14, అంటే రెండు సెంటీమీటర్ల పొడవులో 14 పళ్లు. సరిగ్గా ఉండాల్సినంతే. కానీ చిల్లులు పడ్డ చోటు అన్ని వరుసలకీ ఒకేలా లేదు. ఈ స్టాంపుల్ని తడి కాగితం మీద అచ్చేసేవాళ్లు. ఆరేటప్పుడు కాగితం ఎక్కడికక్కడ ఓ రకంగా ముడుచుకునేది. తర్వాత చిల్లుల యంత్రం తన లెక్కన తాను కొట్టుకుపోయేది. నా బ్లాకులో ఎమ్, ఎన్ వరుసలు చక్కగా మధ్యన పడ్డాయి. వాటి కిందున్న 'ఓ' అక్షరం వరుస నుంచి జారుడు మొదలై, క్యూ వరుసకొచ్చేసరికి చిల్లులు కింది అక్షరాల్ని కొరికేశాయి.

తర్వాత జిగురు. పాత స్టాంపుకి కొత్త జిగురు పూసి అమ్మడం ఈ రంగంలో మామూలే. చూడాల్సింది పళ్ల చివర్లు. అసలు జిగురైతే ముందు పూసి తర్వాత చిల్లు కొడతారు కాబట్టి, చింపిన పంటి కొసన కాగితపు పీచు మెత్తగా, పొడిగా నూగులా ఉంటుంది. తర్వాత పూస్తే జిగురు ఆ పీచులోకి దిగి కొస గట్టిపడుతుంది. బ్లాక్ నాలుగు అంచులా చూశాను. నూగే. ఒక్క చోట కూడా బిరుసు తగల్లేదు.

నిలువునా నడిమధ్య, ఈ, ఎఫ్ స్థానాల మధ్యన, ఎప్పుడో మడత పడింది. ఆ మడత మీదే పై రెండు వరుసల చిల్లులు విడిపోయాయి. ఎవరో, బహుశా పెదనాన్న కంటే ముందటి యజమాని, వెనక హింజులు (స్టాంపుని ఆల్బమ్‌లో అతికించడానికి వాడే చిన్న జిగురు కాగితం ముక్కలు) అంటించి నిలబెట్టాడు.

లెక్క ఇలా తేలింది. చక్కగా మధ్యన పడి జిగురు చెదరనివి ఎనిమిది: పై రెండు వరుసల్లో ఎడమ పక్క నాలుగు, కుడి పక్క నాలుగు. ఫరవాలేదు గానీ హింజ్ జాడలున్నవి పదకొండు. చిల్లులు బొమ్మని కొరికినవి తొమ్మిది. ఒకదానికి ముడత, ఒకదానికి తుప్పు మచ్చ.

అదే శనివారం, రాత్రి

రాయాలంటే సిగ్గుగా ఉంది. ఎన్ వరుస, జీ స్థానం. మంచి ఎనిమిదిలో ఒకటి. మడతని నిలబెట్టిన హింజ్ ఒకటి పక్కకి సాగి, దాని కొస ఈ స్టాంపు జిగురు మీదకి వచ్చి లేచి ఉంది. గోరు ఆనిస్తే ఊడేలా కనిపించింది. ట్వీజర్లతో పట్టి మెల్లిగా లాగాను. హింజ్ వచ్చింది. దాంతోపాటు స్టాంపు వెనక కాగితం ఒక పొర, కందిగింజంత, వచ్చేసింది.

వెలుతురుకి పెట్టి చూస్తే ఆ చోట కాగితం పలచబడి దీపం కనిపిస్తోంది. ముందు నుంచి చూస్తే ఏమీ తెలీదు. కొనేవాడు ముందు నుంచి చూడడు. సుమారు నూట యాభై ఏళ్లు నిలిచిన జిగురు, నా చేతిలో నాలుగు గంటలు నిలవలేదు. వదిలెయ్యాల్సింది. పాత హింజ్ తనంత తాను ఊడితేనే ఊడనివ్వాలి.

మంగళవారం

ఒక వ్యాపారి వచ్చి చూశాడు. పేరెందుకు. గంటన్నరసేపు ఆల్బమ్‌లు తిరగేసి, అన్నీ కలిపి ఒక్క మాటగా ఇంత అన్నాడు. పెద్దమ్మ షరతు గుర్తొచ్చి, బ్లాక్ ఒక్కటీ ఎంతకి తీసుకుంటారని అడిగాను. "4" అన్నాడు (నా లెక్కలోకి మార్చి రాస్తున్నా). అంటే క్యాటలాగ్‌లో ఏడో వంతు కంటే తక్కువే. పోనీ బ్లాక్ వదిలేసి మిగతావి? మొత్తం మాటలో సగానికి పైగా తగ్గించేశాడు. దాన్నిబట్టి తెలిసింది, ఆయన మొత్తం ధర కట్టిందే ఈ ముప్ఫై స్టాంపుల్ని చూసి.

మోసమనను. ఆయన కొన్నది ఎప్పుడు అమ్ముడవుతుందో తెలీదు, అప్పటిదాకా ఆయన డబ్బు అందులో ఇరుక్కుంటుంది. ఒక సంగతి మాత్రం నిజాయితీగా చెప్పాడు: "నేనైతే పై రెండు నాలుగుల్నీ కత్తిరించి ముందు అవే అమ్ముతానండీ. ముప్ఫై కొనేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. నాలుగు కొనేవాళ్లు వందమంది."

బుధ, గురు

రెండు రాత్రులు ఈ ఒక్క మాట చుట్టూ తిరిగాను.

విడగొట్టడానికి పెద్ద పూర్వోదాహరణే ఉంది. 1918 మేలో వాషింగ్టన్‌లో విలియం రోబీ అనే ఆయన 24 సెంట్ల విమానం స్టాంపులు షీటు కొన్నాడు. నూరు స్టాంపులు, 24 డాలర్లు. విమానం తలకిందులుగా అచ్చయింది. వారంలోపే యూజీన్ క్లైన్ అనే డీలరు 15,000కి కొని, 20,000కి కర్నల్ గ్రీన్ అనే ధనవంతుడికి అమ్మాడు. ఆ క్లైనే సలహా ఇచ్చాడు: షీటుగా కంటే విడివిడిగా విలువెక్కువ, చింపండి అని. చింపేముందు ప్రతి స్టాంపు వెనకా పెన్సిల్‌తో సన్నగా 1 నుంచి 100 దాకా దాని స్థానం వేశాడు. అందుకే ఈ రోజుకీ ఏది ఎక్కడిదో చెప్పగలుగుతున్నారు. గ్రీన్ కూడా మొత్తం ముక్కలు చెయ్యలేదు. నాలుగేసి బ్లాకులు కొన్ని ఉంచుకున్నాడు, ప్లేటు నంబరున్న ముక్కతో సహా. ఆ ప్లేటు నంబరు బ్లాక్ 2005లో దాదాపు 30 లక్షల డాలర్లు పలికింది.

అక్కడ ప్రతి ముక్కా అపురూపం కాబట్టి చింపితే లాభం. నా దగ్గరున్నవి విడిగా మామూలు స్టాంపులు, కలిసి ఉండటమే వాటి గొప్ప. క్లైన్ లెక్క ఇక్కడ పనిచేస్తుందో లేదో వేసి చూడాలి.

విడగొడితే: ఎడమ పక్క మంచి నాలుగు, నలుచదరపు బ్లాకుగా 2.5. కుడి పక్కదీ అంతే పలికేది, నా ట్వీజర్లు తగలకపోతే. ఇప్పుడక్కడ మిగిలింది మంచివి మూడు విడి స్టాంపులుగా, 1.5. హింజ్ జాడల పదకొండు, పావు చొప్పున 2.75. చిల్లులు కొరికినవి తొమ్మిదీ కలిపి 0.9. దెబ్బతిన్నవి, నా పుణ్యమా అని రెండు కాదు మూడు, 0.15. మొత్తం 7.8. ఫొటోలు, కవర్లు, పోస్టు ఖర్చు, అమ్మిపెట్టినవాళ్ల కమిషను ఐదో వంతు తీస్తే 6.24. ఆ శనివారం రాత్రి నేను నిద్రపోయి ఉంటే సరిగ్గా 7 వచ్చేది. నా ట్వీజర్ల ఖరీదు ముప్పావు స్టాంపు.

పైగా ఆ 6.24 చేతికి రావడానికి ఎన్ని నెలలు? మంచివి మొదటి వారంలో పోతాయి. క్యూ వరుస నా దగ్గరే ముసలిదవుతుంది.

ఉన్నదున్నట్టు వేలంలో పెడితే: ఫొటోలు చూసి వేలం సంస్థవాళ్లు 6 నుంచి 8 అంచనా వేశారు. వాళ్ల కమిషను నూటికి 15. కొనేవాడి దగ్గర వాళ్లు విడిగా ఇంకొంత తీసుకుంటారు, అది మన జేబులోంచి కాదు అంటారు గానీ నిజానికి మనదే. కొనేవాడు దాన్ని మనసులో తీసేసుకునే పాట పాడతాడు.

అంకెలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఇలాంటప్పుడు వెనక్కి తిరగలేని పని ఏదో చూసుకోవాలి. బ్లాక్ అమ్ముడు కాకపోతే తిరిగి వస్తుంది, అప్పుడు చింపొచ్చు. చింపాక కలపడానికి హింజులు తప్ప ఏమీ లేవు.

పెద్దమ్మకి చెబితే, "మరి ఇన్నాళ్లు ఆయన ఎందుకు చింపలేదంటావ్?" అంది. తెలీదన్నాను. "నాకు తెలుసు. చూసుకునేవాడు" అంది.

తర్వాతి సోమవారం

వేలానికే. రిజర్వు 5.5, అంతకి తక్కువైతే వెనక్కి. నిపుణుల ధ్రువపత్రం తీసుకోవాలా అని మాస్టారుని అడిగాను. లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ కమిటీ 1894 నుంచి చేస్తున్న పని అది. "77 అయితే అది లేకుండా కుదరదు. దీనికి ముప్ఫై సాక్షులున్నారు, అక్కర్లేదు" అన్నారు.

వివరణ నేనే రాసిచ్చాను. మడత, విడిపోయిన చిల్లులు, హింజులు, మచ్చ, ముడత, ఎన్-జీ పలచబడటం, అన్నీ. ఆ ఆఖరిది రాయకపోయినా ఎవరూ గమనించరేమో అని ఒక క్షణం అనిపించింది. గమనిస్తే బ్లాక్ తిరిగొస్తుంది, రెండోసారి నా పేరు చూస్తే పాట పాడరు. రాశాను.

కొత్త గ్లాసీన్ రెండు పొరలు, గట్టి అట్ట రెండు వైపులా, పైన ప్లాస్టిక్ లేదు. బరువు పెట్టలేదు, జిగురు మీద బరువు పడి కాస్త చెమ్మ తగిలితే కాగితానికి అతుక్కుపోతుంది.

పదకొండో వారం

వేలమైంది. ఇద్దరు పాడారు. వ్యాపారి చెప్పినట్టే, ఇద్దరో ముగ్గురో. 7.5 దగ్గర ఆగింది. కమిషను పోను 6.375, ఫొటో, బీమా ఖర్చు 0.2 తీసేస్తే 6.175.

నా కాగితంలో విడగొడితే 6.24. తేడా 0.065, అంటే ఒక స్టాంపులో పదిహేనో వంతు. మాస్టారుకి చెబితే చాలాసేపు నవ్వారు. కొన్నాయన 177వ ప్లేటు షీటుని ముక్కముక్కగా తిరిగి కూర్చుకుంటున్నాడని వేలంవాళ్లన్నారు. 240లో ముప్ఫై ఒక్కసారే దొరికాయి ఆయనకి.

పెద్దమ్మ ఖాతాలో డబ్బు పడింది. కవర్లు మాస్టారు చూస్తానన్నారు. అట్టపెట్టెలు రెండూ తూకానికి ఒకాయన ఆదివారం వస్తున్నాడు. కొత్త షీట్లు మాత్రం ఎవరూ అడగలేదు, నా ఉత్తరాలకి అంటిస్తున్నాను.